మనవడు ఐస్ హాకీలో ఎంతవాడు? నల్లగొండలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పదహారేళ్ళు కెనడాలో ఉండి, మూడేళ్ళ కింద నల్లగొండకు తిరిగొచ్చాను. మా వాడు అక్కడ ఎనిమిదేళ్ళు ఐస్ హాకీ ఆడాడు. నేను తెల్లారకముందే లేచి కారు నడిపిన నాన్నను. తరవాత రెండేళ్ళు టీమ్ బెంచీ దగ్గర తలుపు తీస్తూ, నీళ్ళ సీసాలు అందిస్తూ కోచ్ పక్కన నిలబడ్డాను. అంతకుమించి నా దగ్గర పెద్ద అర్హతలేమీ లేవు. అయినా మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే ఈ ఊళ్ళో ఐస్ హాకీ గురించి అడగడానికి ఇంకెవరు దొరుకుతారు? పిల్లలు టొరంటోలోనో ఎడ్మంటన్‌లోనో ఉన్న తాతలు, నాయనమ్మలు, మేనమామలు గడియారం సెంటర్‌లో చాయ్ దగ్గర నన్ను పట్టుకుంటారు. పెళ్ళిలో పప్పన్నం ముందు కూర్చున్నా ఫోన్ ముఖం మీద పెట్టి "మనోడు ఎట్లాడుతుండు?" అంటారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆటేంటో రెండు ముక్కల్లో చెప్పరాదూ?

గోల్ కాపలా కాసే గోలీతో కలిపి ఒకేసారి జట్టుకు ఆరుగురు దిగుతారు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున్న మంచు గచ్చు (రింక్) మీద, కాళ్ళకు బ్లేడ్లు కట్టుకుని ఆడతారు. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్నే పక్ అంటారు, స్టిక్ అనే పొడుగు కర్రతో కొడతారు. బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. పెద్దల ఆటలో 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, పిల్లలకు అంతకన్నా తక్కువ.

ఒక సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, సగం ఫోన్లు దాని గురించే వస్తాయి. "మావాణ్ణి నిమిషం కూడా కాకముందే బయటికి పిలుస్తుండ్రు, కోచ్‌కు మావాడంటే పడదా?" అని. పడకేం కాదు. ఈ ఆటలో గోలీ తప్ప ఎవరైనా ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరుగెత్తి బెంచీకి రావాల్సిందే, వెంటనే ఇంకో బ్యాచ్ దిగుతుంది. దాన్ని షిఫ్ట్ అంటారు. నిజానికి నిమిషంన్నర దాకా లోపలే తిరుగుతున్న పిల్లవాణ్ణి చూసే కోచ్ విసుక్కుంటాడు.

వీడియో పంపుతారు గానీ పక్ నా కంటికి ఆనదు. ఏం చూడాలి?

పక్‌ను వదిలేయండి. మీవాణ్ణి చూడండి, ముఖ్యంగా పక్ వాడి దగ్గర లేనప్పుడు. ఒక ఆటలో ఏ పిల్లవాడి దగ్గరైనా పక్ ఉండేది అన్నీ కలిపి కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా వాడేం చేస్తున్నాడన్నదే అసలు పరీక్ష.

ఇది నాకు నేర్పింది ఏ కోచూ కాదు, మా చిన్నాయన. తిప్పర్తి దగ్గర వ్యవసాయం. ఓ చలికాలం మా దగ్గరికొచ్చి రెండు స్వెటర్లు, పైన శాలువా కప్పుకుని మూడు ఆటలు చూశాడు. ఆఫ్‌సైడ్ అనే నియమం ఏంటో చివరిదాకా అర్థం కాలేదు. మూడో రోజు మాత్రం ఒక పిల్లవాణ్ణి వేలు పెట్టి చూపించాడు. "ఆ పిలగాడు సూడు, అందరూ ఆ బిళ్ళ ఎనక ఉరుకుతుండ్రు, వాడొక్కడే బిళ్ళ రాబోయే కాడికి పోతుండు" అన్నాడు. ఆ పిల్లవాడు ఆ మూడు ఆటల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. కానీ జట్ల కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు హాకీ సెన్స్ అనే మాటతో చెప్పేది సరిగ్గా దీన్నే.

మీరూ చూడొచ్చు. పక్ మీవాడి దగ్గరికి వచ్చే ముందు క్షణంలో వీడియో ఆపి, రెండు మూడు సెకన్లు వెనక్కి తిప్పండి. ఆ కాస్త సమయంలో మెడ ఎన్నిసార్లు తిప్పాడు? భుజం మీదుగా వెనక ఎవరున్నారో చూసుకున్నాడా? చూసుకున్నవాడికి పక్ అందేసరికే ఎటు పంపాలో తెలుసు. చూసుకోనివాడు పక్ అందాక తల దించుకుని, తరవాత తలెత్తి, అప్పుడు ఆలోచిస్తాడు. ఈలోపు ఎవడో వచ్చి గుంజుకుపోతాడు. పదేళ్ళ పిల్లవాడు ఆటలో నాలుగైదు సార్లు మెడ తిప్పినా నాకు సంతోషమే. పద్నాలుగేళ్ళవాడు ఒక్కసారీ తిప్పకపోతే ఆలోచించాల్సిందే.

స్కేటింగ్ బాగుందో లేదో మాలాంటోళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

తెలుస్తుంది. ముందు మోకాళ్ళు చూడండి. నాట్లేసేవాళ్ళలా నడుము వంచి, కాళ్ళు కట్టెల్లా నిటారుగా పెడితే తప్పు. గుంజీలు తీస్తూ సగంలో ఆగినట్టు మోకాళ్ళు వంగాలి, ఛాతీ కొంచెం ముందుకు ఒరగాలి, తల పైకుండాలి. వేగమంతా మంచును పక్కకు, వెనక్కు తన్నడంలోనే ఉంది. మోకాలు వంగనివాడు ఏం తంతాడు? తన్నిన కాలు పూర్తిగా చాచి, మళ్ళీ ఒంటి కిందికి తెచ్చుకోవాలి. కొందరు పిల్లలు టకటకా చిన్నచిన్న అడుగులేస్తారు. చూడ్డానికి హడావుడి, దూరం మాత్రం సాగదు. తాతలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: "మావాడు మస్తు ఉరుకుతడు" అంటారు.

తరవాత ఆగడం చూడండి. బ్లేడ్లు అడ్డంగా తిప్పి ఆగితే మంచు పొడి లేస్తుంది. కుడి పక్కకు తిరిగి ఆగినంత బాగా ఎడమ పక్కకు తిరిగి ఆగగలడా? చాలామంది పిల్లలకు ఒక వైపే వస్తుంది. రెండో వైపు ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఆగకుండా గుండ్రంగా చుట్టు తిరిగి వస్తారు. మిర్యాలగూడ నుంచి ఒకాయన పంపిన వీడియోలో మనవడు ఒకే షిఫ్టులో నాలుగుసార్లు అట్లా తిరిగాడు. స్కేటింగ్ అందంగా ఉంది, వేగమూ ఉంది. కానీ ఆ చుట్టు తిరిగొచ్చేలోపు ఆట వాణ్ణి వదిలేసి పోతోంది. ఆ సంగతి కొడుకుతో చెప్పమన్నాను. కోచ్ కూడా అదే అన్నాడట.

మొదటి మూడు అడుగులు కూడా గమనించండి. సూటిగా పొడుగునా ఎంత వేగంగా పోతాడన్నదాని కంటే, ఆగినచోటు నుంచి ఎంత తొందరగా కదులుతాడన్నది ముఖ్యం. డిఫెన్స్ ఆడేవాడైతే వెనక్కి స్కేటింగ్ చూడాలి: ఎదుటివాడు మీదికొస్తుంటే వాడికీ తనకూ మధ్య దూరం పెరగకుండా, తరగకుండా వెనక్కి జారుతున్నాడా, లేక భయపడి గోల్ దాకా వెనక్కి పోతున్నాడా?

ఇంకోటి, తీర్పు చెప్పే ముందు బ్లేడ్లకు సాన పట్టించి ఎన్నాళ్ళయిందో అడగండి. బ్లేడ్ కింద మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఒక అంచు మొద్దుబారినా పిల్లవాడు అప్పుడే పుట్టిన దూడలా జారతాడు. మా వాడు ఒక ఆదివారం అట్లా జారి జారి పడ్డాడు. నేను కారులో అరగంట క్లాసు పీకాను. ఇంటికొచ్చి బ్లేడ్ మీద గోరుతో గీకి చూస్తే ఒక పక్క అంచే లేదు. వాడేమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మావాడు టీమ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొడుతున్నాడు. ఇంకేం కావాలి?

సంతోషం. కానీ ఎట్లా కొడుతున్నాడు? పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, పక్ తీసుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒంటరిగా పోయి కొట్టేయగలడు. పదహారేళ్ళకు అది నడవదు, అప్పటికి అందరూ అంతే వేగంగా ఉంటారు. అందుకని గోల్‌కు ముందు ఇంకొకరికి ఇచ్చి, మళ్ళీ తీసుకుని కొట్టినవి ఎన్ని అని చూడండి.

పాయింట్ల లెక్కలోనూ చిన్న మెలిక ఉంది. ఒక గోల్‌కు కొట్టినవాడికే కాక, అంతకుముందు పక్ అందించినవాళ్ళలో ఇద్దరి దాకా కూడా అసిస్ట్ పేరుతో పాయింట్ రాస్తారు. రెండో అసిస్ట్ ఒక్కోసారి ఊరికే తగిలి పోయిన పక్‌కు కూడా రావచ్చు. ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీకి బయట కూర్చున్నప్పుడు వచ్చే పాయింట్లు వేరు, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు వచ్చేవి వేరు. నాకైతే రెండో రకం మీదే నమ్మకం.

వయసుకు తగ్గ ఎత్తు లేడు, సెలక్షన్‌లో తీసేశారు. ఇక ఆశ వదులుకోవాలా?

పుట్టిన నెల ఏది?

అంగడిలో కోడెను కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళ కోడెను నాలుగు పళ్ళ కోడె పక్కన నిలబెట్టి "ఇది బక్కగుంది" అంటే అంగడంతా నవ్వుతుంది. కెనడా పిల్లల హాకీలో సరిగ్గా అదే జరుగుతుంది, ఎవరూ నవ్వరు. అక్కడ వయసు గ్రూపులు జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు లెక్కేస్తారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూపులో ఉంటారు. పదేళ్ళ వయసులో ఏడాది తేడా అంటే బతుకులో పదో వంతు. 1980లలో రోజర్ బార్న్స్‌లీ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త, పదహారు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఆడే పై స్థాయి జూనియర్ జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో పుట్టినవాళ్ళు మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువగా ఉన్నారని చూపించాడు. ముందు పుట్టినవాడు పెద్దగా కనిపిస్తాడు, మంచి టీమ్‌లో పడతాడు, మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ గంటలు ఆడతాడు. దాంతో నిజంగానే మెరుగైపోతాడు.

మా వాడు నవంబర్ చివర్లో పుట్టాడు. పదకొండేళ్ళప్పుడు ఒక క్లబ్ సెలక్షన్స్‌కు తీసుకెళ్ళాను, పేరెందుకులెండి. మూడు రోజులు ఆడించి ఒక కాగితం చేతిలో పెట్టారు. దాని మీద ఒకటే మాట: చిన్నగా ఉన్నాడు. స్కేటింగ్ గురించి లేదు, చూపు గురించి లేదు. ఆ రాత్రి ఇంటిదాకా కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. పదమూడు దాటాక వాడు ఒక్క ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగాడు. ఆ రోజు సెలక్టయిన పెద్ద పిల్లల్లో ముగ్గురు అప్పటికే ఆట మానేశారు, ఒడ్డుతో నెట్టుకొచ్చినవాళ్ళకు ఆ ఒడ్డు పక్కవాడికీ వచ్చేసరికి ఏం చేయాలో తోచలేదు.

అట్లాగని ప్రతిదానికీ పుట్టిన నెలను అడ్డం పెట్టుకోవద్దు. ఎత్తు తనంతట వస్తుంది, ఎముకలో బలం వస్తుంది. మోకాలు వంచకపోవడం, తల తిప్పకపోవడం పెరిగితే పోయే జబ్బులు కావు.

మావాడు అన్నం కుడిచేత్తోనే తింటాడు, స్టిక్ మాత్రం ఎడమచేతివాటంగా పడతాడు. మార్పించాలా?

వద్దు. కెనడాలో కుడిచేతివాటం పిల్లలు చాలామంది కుడిచేతిని స్టిక్ పై కొసన పెట్టి, ఎడమచేతిని కిందికి పెడతారు. దాన్ని లెఫ్ట్ షాట్ అంటారు. స్టిక్‌ను అటూ ఇటూ తిప్పేది పై చెయ్యే కాబట్టి, బలమైన చెయ్యి పైనుండటంలో లాభముంది. రైట్ షాట్ డిఫెన్స్ ఆటగాళ్ళు తక్కువ దొరుకుతారు, వాళ్ళకు గిరాకీ ఎక్కువ. గిరాకీ చూసి చెయ్యి మార్పించిన తల్లిదండ్రులను చూశాను. పిల్లవాడు ఏడాది వెనక్కి పోయాడు.

గుద్దుకుంటారంట గదా? మనవడు మెత్తనోడు, భయపడతాడేమో.

ఒంటితో గట్టిగా ఢీకొట్టే బాడీ చెకింగ్‌ను పన్నెండేళ్ళు, ఆ లోపు పిల్లల ఆటలో 2013 నుంచి కెనడా అంతటా ఆపేశారు. పదమూడు దాటాక పోటీ స్థాయి జట్లలోనే ఉంటుంది. కాబట్టి చిన్నవాడికి అది ఇప్పటి సంగతి కాదు.

పెద్దవాడైతే, ఎంత గట్టిగా కొడుతున్నాడన్నది నాకు ముఖ్యం కాదు. చుట్టూ ఉన్న గోడ దగ్గరికి పక్ పోయినప్పుడు, వెనక ఎవడో వస్తున్నాడని తెలిసి కూడా పోతాడా, లేక చివరి రెండడుగుల్లో వేగం తగ్గించి పక్కవాడు ముందు చేరేలా చూస్తాడా? ఆ రెండడుగులు వీడియోలో స్పష్టంగా కనిపిస్తాయి. అది కూడా శిక్షణతో పోయేదే. గోడ దగ్గర దెబ్బ తగలకుండా ఒంటిని ఎట్లా తిప్పాలో నేర్పితే సగం భయం తగ్గుతుంది.

ఏ లోపం సరిదిద్దుకోవచ్చు, ఏది కష్టం?

షాట్ బలహీనంగా ఉంటే అసలు టెన్షన్ పడొద్దు. ఇంటి గ్యారేజీలో రోజుకు వంద పక్‌లు కొడితే రెండు వేసవుల్లో మారిపోతుంది. కండబలం వయసుతో వస్తుంది. స్కేటింగ్ వాలకం పన్నెండేళ్ళ లోపు దిద్దితే తేలిక, తరవాత అలవాటు ముదిరిపోతుంది, అయినా ఓపికుంటే దిద్దొచ్చు. ఆటను ముందే చదవడం నెమ్మదిగా వస్తుంది, కొందరికి రానే రాదు.

వీటన్నిటి కంటే నేను ఎక్కువ మార్కులేసేది ఒకటుంది. పక్ పోగొట్టుకున్నాక మొదటి రెండు సెకన్లు. ఒకడు చేతులు గాల్లోకి లేపి రిఫరీ వైపు చూస్తాడు. ఇంకొకడు బెంచీ వైపు, కోచ్ తిడతాడేమోనని. ఇంకొకడు ఎక్కడో గ్యాలరీలో ఉన్న నాన్న వైపు చూస్తాడు, వాణ్ణి చూస్తే నాకు జాలేస్తుంది, తప్పు వాడిది కాదు. నాలుగోవాడు పక్ పోయిన క్షణంలోనే ఎటూ చూడకుండా వెనక్కి తిరిగి తరుముతాడు. మా జట్టులో అట్లాంటి బక్కపిల్లవాడు ఒకడుండేవాడు. ఒకసారి పక్ పోగొట్టుకుని, రింక్ సగం వెనక్కి తరిమి, గోల్ ముందు పడుకుని స్టిక్ చాచి ఆపాడు. లేచి మంచు దులుపుకున్నాడు. పక్ పోగొట్టుకున్నందుకు కాగితం మీద వాడికి ఒక తప్పు రాశారు. ఆ తరిమినదాన్ని రాయడానికి గడి లేదు.

మనవరాలు గోలీ. ఎన్ని ఆపిందో లెక్క చూస్తే చాలు కదా?

చాలదు. బలహీనమైన జట్టుకు గోలీ అయితే లెక్క ఎప్పుడూ అధ్వానంగానే ఉంటుంది. ఆపిన పక్ ఎక్కడికి పోయిందో చూడండి: మూలకు తోసిందా, ఎదుటివాళ్ళ ముందే పడేసిందా? గోల్ తిన్నాక తరవాతి షాట్‌కు నిలకడగా నిలబడిందా? గోలీలు ఆలస్యంగా పండుతారు కాబట్టి పదిహేనేళ్ళకు తీర్పులు చెప్పొద్దు. ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ అనే గోలీని 2000 డ్రాఫ్ట్‌లో 205వ వాడిగా తీసుకున్నారు. 2012లో ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ ఆయనదే.

స్కౌట్ రిపోర్టులో మంచి మాటలే రాశారు. నమ్మొచ్చా?

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "అమ్మాయి చాలా నెమ్మది" అంటే మనకు అర్థమవుతుంది కదా, ఇదీ అంతే. మోటర్ బాగుంది అంటే కష్టపడతాడు, నైపుణ్యం సంగతి తరవాత. "రా" (raw) అంటే ఇంకా పచ్చికాయ. ప్రాజెక్ట్ అంటే మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టేవాడుంటే తీసుకోండి అని. స్కేటింగ్ గురించి ఒక్క ముక్కా లేకపోతే, అది మర్చిపోయి వదిలేసింది కాదు. నేనైతే మంచి మాటల కంటే ఒక ఆట తేదీ, ఒక సంఘటన రాసిన రిపోర్టును నమ్ముతాను.

ఎన్‌హెచ్‌ఎల్ దాకా పోతాడా?

ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకుంటాను. 32 జట్లు, డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, మొత్తం 224 మంది. అదీ ప్రపంచమంతటి నుంచి. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. అంతకు ముందే పద్నాలుగు నుంచి పదహారేళ్ళ మధ్య జూనియర్ లీగుల డ్రాఫ్ట్‌లు ఉంటాయి, అక్కడే చాలామంది ఆగిపోతారు.

తలపండిన స్కౌట్లే తప్పుతారు. 2012లో అందరికంటే ముందు తీసుకున్న నెయిల్ యాకుపోవ్ ఆరు సీజన్లకే ఎన్‌హెచ్‌ఎల్ వదిలి రష్యాకు వెళ్ళిపోయాడు. 1998లో 171వ వాడిగా తీసుకున్న పావెల్ డాట్సుక్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను రెండుసార్లు గెలిచాడు. మార్టిన్ సెయింట్ లూయీని పొట్టివాడని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. 2004లో అత్యంత విలువైన ఆటగాడి హార్ట్ ట్రోఫీ అతనికే ఇచ్చారు.

మన దేశపు మూలాలున్నవాళ్ళలో అర్ష్‌దీప్ బైన్స్ కథ మనవాళ్ళకు చెబుతుంటాను. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీ పిల్లవాడు, పంజాబీ కుటుంబం. 18 ఏళ్ళకు ఎవరూ తీసుకోలేదు. జూనియర్‌లో ఆఖరి ఏడాది, 2021-22లో, 112 పాయింట్లతో వెస్టర్న్ హాకీ లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. ఆ సీజన్‌లోనే వాంకూవర్ జట్టు పిలిచింది, 2024లో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి ఆట ఆడాడు.

చదువు పాడవుతుందేమో?

ఇదివరకు కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాడికి అమెరికా యూనివర్సిటీల మొదటి డివిజన్ హాకీ తలుపు మూసుకుపోయేది. ఆ నియమాన్ని 2024 నవంబర్‌లో మార్చారు, 2025 ఆగస్ట్ 1 నుంచి అమలు. పాత సంగతి పట్టుకుని ఇంట్లో గొడవ పడకండి. మా వాడైతే ఇంజినీరింగ్ చేసి ఉద్యోగంలో చేరాడు, ఆదివారం రాత్రి స్నేహితులతో ఆడుకుంటాడు.

ఇక్కడ మన పిల్లలు నేర్చుకోవచ్చా?

నల్లగొండలో మంచు గచ్చు లేదు. మన దేశంలో ఈ ఆట ఎక్కువగా ఆడేది లడఖ్‌లో, చలికాలంలో చెరువులు గడ్డకట్టినప్పుడు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన మహిళల జట్టు కాంస్యం తెచ్చింది. వేసవి సెలవులకొచ్చిన మనవడికి చక్రాల స్కేట్లు తెచ్చివ్వండి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్ మట్టిలో అవి నడవవు, సిమెంటు గచ్చు కావాలి.

ఆట లైవ్‌లో చూడాలంటే ఎన్నింటికి కూర్చోవాలి?

నవంబర్ మొదటి వారం దాటాక, మార్చి దాకా, టొరంటో మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ శనివారం పొద్దున ఏడింటి ఆట ఇక్కడ సాయంత్రం ఐదున్నరకు. ఎడ్మంటన్‌ది అయితే అదే ఆట రాత్రి ఏడున్నరకు. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు ఇక్కడ గంట ముందే కూర్చోవాలి. కెమెరా ఎక్కువగా పక్ వెంటే తిరుగుతుంది, కాబట్టి కొడుకునో కోడలినో ఫోన్‌లో ఒక్క షిఫ్టయినా పిల్లవాడి మీదే పెట్టి తీయమనండి.